కొన్యాలో సమా: టికెట్ కొనేముందు

సూఫీ కవి జలాలుద్దీన్ రూమీ కన్నుమూసింది 1273 డిసెంబర్ 17న. ఆయన బాటలో నడిచే సూఫీలైన మెవ్లెవీలు ఆ రాత్రికి ఏడవరు, ఆయన దేవుణ్ణి చేరిన రాత్రి అని దాన్ని పెళ్లిరాత్రిగా జరుపుకుంటారు. ఏటా డిసెంబర్ 7 నుంచి 17 దాకా టర్కీ నగరం కొన్యాలోని మెవ్లానా సాంస్కృతిక కేంద్రంలో ‘షెబీ అరూస్’ (పెళ్లిరాత్రి) పేరుతో సమా, అంటే సంగీతానికి గిరగిరా తిరుగుతూ చేసే ఆరాధన, జరుగుతుంది. తప్పకుండా చూడదగ్గది. కాకపోతే ఏమీ తెలుసుకోకుండా వెళ్తే తెల్లబట్టలవాళ్లు గిరగిరా తిరగడమే కనిపిస్తుంది.

ముందు వేషం చూడండి. పొడవాటి ఉన్ని టోపీ సమాధిరాయి, తెన్నూరె అనే తెల్లటి పొడవాటి గౌను కఫన్ (శవానికి చుట్టే బట్ట), పైన హిర్కా అనే నల్లటి అంగీ గోరీ. అంటే వాళ్లు చచ్చినవాళ్లుగానే హాల్లోకి వస్తారు. షేక్ (గురువు) కూర్చునే ఎర్రటి గొర్రెతోలు ముందు ఎదురెదురుగా తల వంచుకుంటూ మూడు చుట్లు తిరుగుతారు. ఆ తర్వాత హిర్కాలు నేల మీదికి జారతాయి. గోరీ విడిచి లేవడం అదే. సరిగ్గా అప్పుడే సగంమంది ఫోన్లు సర్దుకుంటూ ఉంటారు!

తిరగడం నాలుగు విడతలు, ఒక్కోదాన్ని సలాం అంటారు. అసలు సరుకు మూడోదానిలో ఉంది. 28 మాత్రల నిదానమైన తాళంతో మొదలై క్రమంగా వేగం అందుకుంటుంది. ‘ఫనా’, అంటే నేననేది దేవుడిలో లేకుండా పోవడం, ఇక్కడే. 922లో బాగ్దాదులో మరణశిక్ష పడ్డ సూఫీ మన్సూర్ హల్లాజ్‌ను సూఫీలు ప్రేమ కోసం షహీదైనవాడిగా (ప్రాణమిచ్చినవాడిగా) తలుచుకునేది కూడా ఈ అర్థంలోనే. ఆయన ‘అనల్ హఖ్’ (నేనే సత్యం, అంటే దేవుణ్ణి) అనడం గర్వం కాదని, ‘నేను’ అనేవాడు మిగల్లేదని ఒప్పుకోవడమని రూమీ వాదన. అయితే సమా అక్కడ ఆగదు. నాలుగో సలాం మళ్లీ దాస్యంలోకి రావడం. షేక్ కూడా అందులో కలిసి తిరుగుతాడు.

భోజనంతో కలిపి చూపించే కుదింపు ప్రదర్శనలకు డబ్బు తగలెయ్యకండి. వాటిలో ముందుగా కోత పడేది ఆ మూడు చుట్లూ, మూడో సలాంలోని నిదానపు భాగమూ. అవి పోతే మిగిలేది నాట్యమే. బుక్ చేసేముందు ఈ రెండూ ఉన్నాయా అని అడగండి. సీటు కాస్త ఎత్తులో తీసుకుంటే వలయాలు బాగా కనిపిస్తాయి. సలాంల మధ్య ఆగినప్పుడు అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టకండి. చివర్న ఖురాన్ పఠనం, ఫాతిహా ప్రార్థన ఉంటాయి, అప్పుడూ వద్దు.