ఒక్క కోతినే చూడాలా, గుంపంతా చూడాలా?

కోతుల గుంపు ముందు నోట్‌బుక్‌తో కూర్చుంటే కన్ను కొట్లాట వైపే పోతుంది. మూలన ఆకులు నములుతున్నది రాతలోకి రాదు. ఈ పక్షపాతాన్ని ఎత్తిచూపి, 1974లో పరిశీలన పద్ధతులను బేరీజు వేసినవారు జీన్ ఆల్ట్‌మన్. కెన్యాలోని అంబోసెలిలో బబూన్ కోతులను ఏళ్ల తరబడి గమనించిన శాస్త్రవేత్త ఆమె.

ఫోకల్ పద్ధతిలో ముందే ఎంచుకున్న ఒక్క జంతువును నిర్ణీత సమయం పాటు వదలకుండా చూస్తాం. ఏ వరుసలో చూడాలో చీటీలు తీసి తేల్చుకోవడం మేలు. ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు సాగింది, ఏది దేనికి పేలు చూసింది, అన్నీ వరుసగా దొరుకుతాయి. అది చెట్ల చాటుకు పోతే ‘కనబడలేదు’ అని ఆ నిమిషాలనూ రాయాలి. లేదంటే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి. ప్రతి కోతినీ ముఖం చూసి గుర్తుపట్టగలగాలి. అసలు కష్టం అక్కడే.

స్కాన్ పద్ధతిలో, పది నిమిషాలకోసారి అనుకుందాం, గుంపు మీద ఈ చివర నుంచి ఆ చివరకు చూపు తిప్పి, ఆ క్షణాన ఒక్కోటి ఏం చేస్తోందో ఒక్క అక్షరంలో రాస్తాం: తిండికి ‘తి’, నడకకు ‘న’. మేతకెంత, విశ్రాంతికెంత అన్న వాటా చక్కగా తేలుతుంది. రెండు సెకన్ల కొట్లాట మాత్రం జారిపోతుంది.

కొత్తవాళ్లకు నేను స్కానే చెబుతాను. పోట్లాటలూ పొత్తులే మీ ప్రశ్న అయితే ఫోకల్ తప్పదు.