తెలుగులో మెయిన్స్ రాసేవారికి ఒక టెస్ట్ సిరీస్: నా అంచనా

సివిల్స్ మెయిన్స్ (ప్రిలిమ్స్ అనే తొలి వడపోత తర్వాతి రాత పరీక్ష) తెలుగులో రాయాలనుకునే వారికి పుస్తకాలు తక్కువని అందరూ అంటారు. నన్నడిగితే అంతకంటే పెద్ద కొరత దిద్దేవారిది. 2016 సివిల్స్‌లో జాతీయ స్థాయిలో మూడో ర్యాంకు సాధించిన శ్రీకాకుళం జిల్లా వాసి రోణంకి గోపాలకృష్ణ తెలుగు మాధ్యమంలోనే రాశారన్న మాట అవగాహన సదస్సుల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మాట ఇచ్చే ధైర్యం నిజమైనదే. కానీ ఇంటికొచ్చి ఒక జవాబు రాశాక, దాన్ని చివరిదాకా చదివి తప్పొప్పులు చెప్పే మనిషి ఎక్కడ దొరుకుతారు? ఆ మనిషి కోసం వెతుకుతూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని ఒక చిన్న కేంద్రంలో చేరాను. మెప్పుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక పేరు రాయడం లేదు.

నేను భువనగిరిలో ఒక ప్రైవేటు పాఠశాలలో గణితం చెబుతాను. ఆదివారం పొద్దున్నే సికింద్రాబాద్ చేరుకుని, మెట్రోలో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లేదాన్ని. కింద జిరాక్స్ దుకాణం, పైన రెండో అంతస్తులో ఒకే పెద్ద గది. ఫీజు 9,000 రూపాయలు. నాలుగు జనరల్ స్టడీస్ పేపర్లూ, వ్యాసమూ రెండేసి సార్లు రాయిస్తారు. పాఠాలు చెప్పరు, నోట్సు ఇవ్వరు. రాయడం, దిద్దించుకోవడం, దిద్దిన వారితో మాట్లాడటం, అంతే.

ముందుగా నచ్చింది వారిచ్చే జవాబు పుస్తకం. అసలు పరీక్షలో ఉన్నట్టే ప్రతి ప్రశ్న కిందా జవాబుకు స్థలం ఉంటుంది: 10 మార్కుల ప్రశ్నకు రెండు పేజీలు, 15 మార్కుల దానికి మూడు. మొదటి మూడు జనరల్ స్టడీస్ పేపర్లలో ఒక్కొక్కదానికి 20 ప్రశ్నలు (చిన్నవి పది, పెద్దవి పది), మూడు గంటలు. చిన్న ప్రశ్నకు 7 నిమిషాలు, పెద్దదానికి 11 నిమిషాలు కేటాయిస్తే సరిగ్గా 180 నిమిషాలు అయిపోతాయి. ఆలోచించుకోవడానికి విడిగా ఒక్క నిమిషం మిగలదు. ఒత్తులూ గుణింతాలూ పలికేలా తెలుగు రాసే చేతికి ఈ కాలపరిమితి చాలా ఇరుకు. ఇంకో సంగతి, ఇక్కడ ప్రశ్నపత్రాన్ని తెలుగులోకి మార్చి ఇవ్వరు. మెయిన్స్ జనరల్ స్టడీస్ ప్రశ్నలు ఇంగ్లిష్, హిందీ భాషల్లోనే వస్తాయి కాబట్టి ప్రశ్న ఇంగ్లిష్‌లో చదివి, జవాబు తెలుగులో కట్టే అలవాటు ఇక్కడే పట్టుబడాలన్నది వారి పద్ధతి. మొదట్లో కఠినంగా తోచినా అదే సరైన పద్ధతి.

ఇక దిద్దుబాటు. ఈ సిరీస్‌కు ప్రాణం అదే.

పాలిటీ (రాజ్యాంగం, పాలన), ఎథిక్స్ (నైతిక విలువలు) పేపర్లు దిద్దే సారు రాజనీతి శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు. వస్తు సేవల పన్నుపై కేంద్ర, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్‌టీ మండలి వల్ల సమాఖ్య స్ఫూర్తి బలపడిందా అన్న ప్రశ్నకు నేను సమాఖ్య నిర్వచనంతో మొదలుపెట్టి, కేంద్ర, రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ మీదుగా మెల్లగా విషయానికి వచ్చాను. ఆయన మొదటి ఏడు వాక్యాల మీద ఎర్ర సిరాతో ఒకే అడ్డగీత గీశారు. పక్కన ఇలా రాశారు: "రాజ్యాంగం 279ఎ అధికరణలో ఓట్ల లెక్క ఉంది. కేంద్రానికి మూడింట ఒక వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. దీన్నిబట్టి ఎవరి మాట చెల్లుతుందో మీరే తేల్చండి." లెక్కల టీచర్ని కదా, చూడగానే వెలిగింది. రాష్ట్రాలన్నీ ఒక్కటైనా 67 శాతం దగ్గర ఆగిపోతాయి, కేంద్రం కలవనిదే 75 అందదు. అటు కేంద్రం కూడా ఒంటరిగా ఏదీ నెగ్గించుకోలేదు. దాని కిందే ఇంకో వాక్యం: మండలి సిఫారసులు పార్లమెంటుకూ, శాసనసభలకూ శిరోధార్యం కావని 2022లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును ఇక్కడ చేర్చమని. ఆ రెండు అంశాలతో తిరగరాస్తే జవాబు ఒకటిన్నర పేజీలో పూర్తయింది.

భాష విషయంలోనూ ఆయన చూపు చాలా నిశితం. "ఏర్పాటు చేయడం జరిగింది" అని ఉన్నచోటల్లా కొట్టేసి "ఏర్పాటైంది" అని రాసేవారు. "నిర్ణయాత్మకమైనటువంటి పాత్ర" ఆయన చేతిలో "కీలక పాత్ర" అయ్యేది. పేజీకి పది చోట్ల ఇలా తగ్గితే ఒక కొత్త అంశానికి చోటు దొరుకుతుంది. పదాల పరిమితి ఉన్న పరీక్షలో ఇది చిన్న సాయమేమీ కాదు.

బ్రాకెట్ల విషయం తెలుగు మాధ్యమం వారందరూ గుర్తుపెట్టుకోవాలి. భారతీయ భాషలో రాసేవారు సాంకేతిక పదాలకు మాత్రం ఇంగ్లిష్ రూపాన్ని బ్రాకెట్లలో ఇవ్వవచ్చని సివిల్స్ నిర్వహించే యూపీఎస్సీ నిబంధన. దాన్ని దుర్వినియోగం చేస్తే మొత్తం మార్కుల్లో కోత పడుతుంది. మరీ శ్రుతి మించితే అనుమతి లేని మాధ్యమంగా లెక్కించి పేపరు దిద్దకపోవచ్చు కూడా. ఈ నిబంధన నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, చదివేవారే తక్కువ. సారు ప్రతి పుస్తకంలోనూ బ్రాకెట్లు లెక్కపెట్టి, అక్కరలేని వాటికి సున్నా చుట్టేవారు. "ద్రవ్యలోటుకు బ్రాకెట్ పెట్టమ్మా, పేదరికానికి ఎందుకు?" అని అడిగారొకసారి.

ఎథిక్స్ పేపర్లో సూక్తులు గుప్పించడం ఆయనకు నచ్చదు. బలహీన వర్గాల పట్ల కరుణ అన్న ప్రశ్నకు ఎవరి వాక్యాలూ వద్దనీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ జీవితంలోంచి ఒక పని రాయమనీ చెప్పారు. వెట్టిచాకిరీ నిర్మూలనకు ఆ అధికారి పడిన పాటు, పద్మభూషణ్‌ను కాదన్న నిరాడంబరత మన పక్కనే ఉండగా ఎక్కడెక్కడి సూక్తులో ఎందుకన్నది ఆయన మాట. నాకు ఈ సలహా పరీక్షను దాటి పనికొచ్చింది. శంకరన్ గురించి తెలుసుకున్నాక నేను సివిల్స్ ఉద్యోగం ఎందుకు కోరుకుంటున్నానో నాకే మరింత స్పష్టమైంది.

ఇప్పుడు ఫిర్యాదులు. ఆర్థిక, పర్యావరణ అంశాలుండే మూడో పేపరు దిద్దే వ్యక్తి వేరు. అక్కడ టిక్కులు, మార్కులు, చివర "బాగుంది, ఇంకా మెరుగుపరచుకోవాలి" అన్న ఒక్క ముక్క. ఏది మెరుగుపరచాలో చెప్పకపోతే డబ్బు కట్టింది దేనికి? అడిగితే నిర్వాహకులు విసుక్కోకుండా రెండు పేపర్లు మళ్లీ దిద్దించారు, అయినా తేడా పెద్దగా లేదు. వారంలో ఇస్తామన్న పుస్తకాలు తరచూ ఆలస్యమయ్యేవి. రాసిన వేడి చల్లారాక వచ్చే దిద్దుబాటు సగమే పనిచేస్తుంది. నమూనా జవాబులనైతే పక్కన పెట్టేయండి. అవి ఇంగ్లిష్ జవాబులకు అనువాదాలని మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. పైగా 250 పదాల ప్రశ్నకు 400 పదాల నమూనా ఎవరు రాయగలరు?

అర్హత పేపరుగా ఉండే ఇంగ్లిష్‌కు ఒక్క టెస్టు కూడా లేకపోవడం పెద్ద లోపం. అందులో 300కు 25 శాతం, అంటే 75 రాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లెక్కలోకి తీసుకోరు. తెలుగు మాధ్యమం విద్యార్థి ఎక్కువగా భయపడేది అక్కడే. తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా (అభ్యర్థి ఎంచుకునే సబ్జెక్టుగా) తీసుకున్నవారు కూడా దిద్దేవారిని వేరుగా చూసుకోవాలి, ఇక్కడ ఆ సదుపాయం లేదు.

టెస్టు తర్వాత సారుతో విడిగా మాట్లాడే అవకాశాన్ని మాత్రం ఎవరూ వదులుకోవద్దు. చాలామంది మార్కులు చూసుకుని వెళ్లిపోతారు. ఆయన పుస్తకం తెరిచి, "ఈ వాక్యం ఎందుకు రాశావమ్మా, చెప్పు" అని అడుగుతారు. చెప్పలేకపోతే ఆ వాక్యం అక్కడ ఉండకూడదు. మొహమాటపడకుండా కూర్చుంటే ఫీజులో సగం అక్కడే గిట్టుబాటవుతుంది.

సిలబస్ ఒకసారైనా పూర్తికాని వారికి ఇది తొందర. చదవనిదాన్ని ఎవరూ దిద్దలేరు. ప్రిలిమ్స్ రాసి, మెయిన్స్‌కు చేతిని సిద్ధం చేసుకుంటున్న వారు, ముఖ్యంగా జిల్లాల నుంచి వచ్చి కోచింగ్‌కు లక్షలు పెట్టలేని వారు తప్పకుండా చేరవచ్చు. ఇలాంటి ఏ కేంద్రానికి వెళ్లినా డబ్బు కట్టే ముందు పాత అభ్యర్థి ఎవరిదైనా దిద్దిన పుస్తకం ఒకటి, అదీ మూడో పేపరుది, పేరు కనిపించకుండా చూపించమని అడగండి. సిబ్బంది జాబితాలో ఎన్ని డిగ్రీలున్నా పట్టించుకోకండి. మార్జిన్లలో వాక్యాలున్నాయో, టిక్కులే ఉన్నాయో చూసి నిర్ణయించుకోండి.