గురుగ్రహం ఫొటోలకు 127 మిల్లీమీటర్ల మక్సుటోవ్: ఏళ్ల వాడకం తర్వాత

హనుమకొండలోని మా పెరట్లో 2022 నుంచి గురుగ్రహం ఫొటోల కోసం నేను వాడుతున్నది 127 మిల్లీమీటర్ల వెడల్పున్న మక్సుటోవ్ టెలిస్కోపు, అంటే ముందు వంపు గాజు, లోపల దర్పణం ఉండే పొట్టి రకం. దాని నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 1500 మిల్లీమీటర్లు. వెనుక బిగించినది 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న చిన్న కలర్ వీడియో కెమెరా. గ్రహాల ఫొటోలకు ఇంత చిన్న టెలిస్కోపు చాలునా అని అడిగేవారికి, మన ప్రాంతంలో నిస్సందేహంగా చాలునని నా సమాధానం. ఎందుకంటే ఇక్కడ ఫలితాన్ని తేల్చేది అద్దం వెడల్పు కన్నా ముందు గాలి నిలకడ.

2022 సెప్టెంబరులో గురుడు 1963 తర్వాత ఎన్నడూ లేనంత దగ్గరగా, దాదాపు 59 కోట్ల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. అయితే అది మనకు వానాకాలం. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2026 జనవరి 10న సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు బింబం కొంచెం చిన్నదే అయినా, ఆకాశం తేటగా ఉండే కాలం కావడం వల్ల, పైగా గ్రహం మన నడినెత్తికి నాలుగైదు డిగ్రీల దూరంలోనే సాగడం వల్ల, నా మంచి ఫొటోలన్నీ ఆ రెండు చలికాలాల్లోనే వచ్చాయి. అంత ఎత్తులో చూపు దాటవలసిన గాలి పొర పలచనగా ఉంటుంది, బింబం అంచుల్లో ఎరుపు, నీలం విడిపోవు. కనుక ఆ రంగులను సరిచేసే ప్రత్యేక పట్టకాల పరికరం కొనే ఖర్చు మనకు తప్పుతుంది.

ఈ టెలిస్కోపు కోరేది ముఖ్యంగా ఓపిక. ముందు మందపాటి గాజు, వెనుక మూసిన గొట్టం కావడంతో, డిసెంబరు రాత్రి గదిలోంచి బయటికి తెచ్చాక లోపలి వేడి పోవడానికి గంటకు పైగానే పడుతుంది. ఒక నక్షత్రాన్ని కావాలని ఫోకస్ తప్పించి చూస్తే వలయాలు కనిపిస్తాయి. గొట్టంలో వేడి మిగిలి ఉంటే ఆ వలయాల్లో ఒక పక్క నుంచి దీపశిఖలాంటి నాలుక పైకి లేస్తూ ఉంటుంది. అది పూర్తిగా అణగే దాకా నేను రికార్డింగ్ మొదలుపెట్టను. డాబా మీద పెడితే పగలంతా ఎండ తాగిన స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది కాబట్టి, ఆకాశం తక్కువగా కనిపించినా పెరటి మట్టినేలే నయం. ముందు గాజుకు మంచు పట్టకుండా నల్లటి ఫోమ్ షీటును గొట్టం చుట్టూ, ముందుకు పొడుచుకొచ్చేలా చుడతాను.

ఫోకస్ విషయంలో ఈ రకం టెలిస్కోపులకు ఒక స్వభావం ఉంది: నాబ్ తిప్పితే కదిలేది లోపలి ప్రధాన దర్పణమే, దాంతో బొమ్మ పక్కకు గెంతి కెమెరా చిప్పు దాటిపోతుంది. చివరి తిప్పు దర్పణాన్ని పైకి నెట్టే దిశలో ఉండేలా చూసుకుంటే గెంతు చాలావరకు తగ్గుతుంది. గురుడి అంచు ఎప్పుడూ మసకగానే ఉంటుంది గనక, ఫోకస్‌కు నేను గురుడి ఉపగ్రహం అయోను నమ్ముకుంటాను. సుమారు ఒక్క ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు) వెడల్పున్న ఆ చుక్క ఎంత చిన్నదిగా, గట్టిగా కనిపిస్తే ఫోకస్ అంత సరిగ్గా ఉన్నట్టు.

బొమ్మను 1.5 రెట్లు పెంచే బార్లో కటకంతో గురుడి బింబం 170 పిక్సెళ్ల పైచిలుకు వస్తుంది. అంతకన్నా పెంచితే బింబం పెద్దదవుతుందే గాని కొత్త వివరమేదీ రాదు. గురుడు తన చుట్టూ తాను 9 గంటల 55 నిమిషాల్లో తిరుగుతాడు కాబట్టి బింబం నడుమ ఉన్న మచ్చ నిమిషానికి పావు ఆర్క్ సెకను జరుగుతుంది. ఈ అద్దం విడదీసి చూపగలిగేది 0.9 ఆర్క్ సెకను. అందుకే ఒక్కో వీడియోను మూడు నిమిషాలు దాటనివ్వను. ఫైర్‌క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌తో సెకనుకు వంద ఫ్రేముల చొప్పున తీసి, ఆటోస్టాకర్ట్‌తో వాటిలో మేలైన ఐదోవంతును ఏరి ఒకదానిపై ఒకటి పేర్చి, రెజిస్టాక్స్‌లో పదును పెడతాను. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఉచితమే. వరుస వీడియోలను కలపాలంటే గ్రహ భ్రమణాన్ని సరిచేసే విన్‌జూపోస్ సాఫ్ట్‌వేర్ అవసరం; నేర్చుకోవడం కష్టమే గాని మచ్చలు అలుక్కుపోకుండా బొమ్మలోని గరుకుతనం (నాయిస్) తగ్గేది దీనితోనే.

మౌంట్, అంటే టెలిస్కోపును మోసి తిప్పే పీఠం, కొనేవారికి ఒక హెచ్చరిక. ధ్రువ నక్షత్రం మనకు 18 డిగ్రీల ఎత్తులోనే ఉండడం వల్ల, అక్షాన్ని ఆ నక్షత్రం వైపు గురిపెట్టి వాడే ఈక్వటోరియల్ మౌంట్ అక్షాన్ని బాగా కిందికి వంచాలి, అప్పుడు కొన్నింటిలో బరువుల కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది. కొనేముందే ఆ కోణంలో పెట్టించి తిప్పి చూడండి.

ఫలితం విషయానికి వస్తే, నిలకడైన రాత్రి ఎర్రమచ్చ (గురుడి మీది పెద్ద తుపాను), దాని వెనుక కల్లోలంగా సాగే మేఘాలు, ఉత్తర పట్టీ నుంచి భూమధ్య మండలంలోకి దిగే నీలి తీగలు, బింబం మీద నల్లగా గుండ్రంగా జారే అయో నీడ స్పష్టంగా వస్తాయి. ఎర్రమచ్చ లోపలి సుడులు మాత్రం రావు, వాటికి పెద్ద అద్దం కావాలి. 2006లో గురుడి మీది మరో తుపాను ఓవల్ బీఏ ఎరుపెక్కడాన్ని ఫిలిప్పీన్స్‌లోని సెబూ నుంచి మొదట గుర్తించిన క్రిస్టఫర్ గో ఔత్సాహికుడే. ఉష్ణమండలపు గాలి ఎంత సాయపడుతుందో ఆయన పని చూస్తే నాకు ధైర్యం కలుగుతుంది. నీహారికల ఫొటోలు కావాలనుకునేవారు ఈ టెలిస్కోపు తీసుకోవద్దు. గ్రహాలూ చంద్రుడూ చాలనుకునేవారు దీన్నే తీసుకుని, మిగిలిన డబ్బును గట్టి మౌంట్ మీద పెట్టడం మంచిది. గురుడు మళ్లీ సూర్యుడికి ఎదురుగా వచ్చేది 2027 ఫిబ్రవరిలో, అప్పుడూ దాదాపు నడినెత్తి మీదనే.