రెండు భుజాలకీ విడివిడిగా టేపు పెట్టే టైలరు (గుంటూరు, బ్రాడీపేట)

బ్రాడీపేటలో ఇంటి ముందుగదిలోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే ఒక అక్క గురించి ఇది. బోర్డు లేదు. కుట్టు ఎలా ఉందో చెప్పేముందు నా వీపు గురించి చెప్పాలి.

నాకు స్కోలియోసిస్. వెన్ను పక్కకి వంగి ఉంటుంది. ఆ వంపు 10 డిగ్రీలు, ఆపైన ఉంటే ఆ పేరు పెడతారు. నాది 28. ఎక్స్‌రేలో బయటపడేసరికి పదిహేడేళ్ళు నిండాయి, ఎదుగుదల ఆగిపోయింది కాబట్టి, వంపు పెరగకుండా ఒంటికి కట్టే బ్రేస్ అక్కర్లేదన్నారు. స్కూలు బ్యాగు మోయించి పాడుచేశానని అమ్మ చాలాకాలం ఏడ్చింది. బ్యాగు వల్ల రాదని, చాలామందిలో కారణమే తెలియదని డాక్టరు చెప్పినా ఆవిడ మనసు ఒప్పుకోలేదు.

నా కుడి భుజం పైకి, ఎడమది కిందికి. ఇరవయ్యేళ్ళుగా ఏ టైలరు దగ్గరికెళ్ళినా ఎడమ భుజంలో స్పాంజి కుక్కేవాళ్ళు. చెమటకి అది ముద్దయిపోయేది. పెళ్ళిళ్ళలో ఫొటో అంటే టెన్షన్, కొంగు రెండు భుజాల మీదా కప్పుకుని నిలబడేదాన్ని.

ఈ అక్క ఆది జాకెట్టు పక్కన పెట్టి, "తిరుగమ్మా" అంది. మెడ పక్క నుంచి నడుం దాకా కుడివైపు టేపు పెట్టింది. మళ్ళీ ఎడమవైపు. నోటుబుక్కులో "కు 14½, ఎ 13¾" అని రాసుకుంది. అయ్యో అనలేదు. నా వీపు ఆవిడకి ఒక కొలత, అంతే. "ప్యాడ్ పెట్టమంటావా, ఉన్నది ఉన్నట్టు కుట్టమంటావా?" అనడిగింది. ఆ మాట నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. "ఉన్నట్టే కుట్టక్కా" అనేటప్పుడు గొంతు వణికింది.

చంక దగ్గర ముడత లేదు. చెయ్యెత్తితే జాకెట్టు పైకి లేవడం లేదు, వెనక మెడ జారడం లేదు. కాజాలు చేత్తో కుట్టింది, లోపల అంగుళం గుడ్డ వదిలింది. హుక్కులే నాసిరకం, రెండో ఉతుక్కి ఒకటి ఊడింది. లైనింగుతో 600 తీసుకుంది. పది రోజులన్నది పదహారు పట్టింది, పండగల ముందు ఇవ్వకండి.

మేనకోడలి పెళ్ళికి అదే వేసుకున్నాను, కొంగు ఒంటిపొరగా వదిలేసి. ఫొటోలో భుజాలు ఎత్తుపల్లంగానే ఉన్నాయి. నేను పళ్ళు కనపడేలా నవ్వుతున్నాను. ఆ ఫొటో మా హాల్లో ఉంది.

మొన్న ఇంకో నాలుగు గుడ్డలు ఇచ్చొచ్చాను. ఈసారి టేపు తియ్యలేదు, నోటుబుక్కులో నా పేజీ ఉంది.