నియోఫోర్‌జేలో స్పేషియల్ ఇండెక్స్: ఏడేళ్లు వాడాక

మాది యంత్రాల రిపేర్లు చూసే సర్వీస్ అప్లికేషన్. ఎక్కడో ఒక మెషీన్ ఆగిపోతుంది. దగ్గర్లో ఉన్న టెక్నీషియన్లలో ఆ మోడల్ మీద శిక్షణ ఉన్నవాళ్లెవరు, వాళ్లలో ఇదే మెషీన్‌ని ఇదివరకు బాగుచేసినవాళ్లెవరు అని వెతకాలి. మొదటి సగం మ్యాపు ప్రశ్న, రెండో సగం సంబంధాల ప్రశ్న. రెండూ ఒకే క్వెరీలో తేలిపోతాయన్న ఆశతో నియోఫోర్‌జేకి వచ్చాం. ఇది గ్రాఫ్ డేటాబేస్, అంటే సమాచారాన్ని నోడ్లుగా, వాటిని కలిపే రిలేషన్‌షిప్పులుగా దాస్తుంది. ఏడేళ్లయింది. ఆశ చాలావరకు నెరవేరింది కానీ, స్పేషియల్ ఇండెక్స్ (చోటుని బట్టి త్వరగా వెతికిపెట్టే ఏర్పాటు) ఉంది కదా అని ధీమాగా కూర్చున్న ప్రతిసారీ దెబ్బ తిన్నాం.

మొదట వాడింది నియోఫోర్‌జేకి విడిగా తగిలించుకునే స్పేషియల్ ప్లగిన్. 1984లో ఆంటోనిన్ గట్‌మన్ ప్రతిపాదించిన ఆర్-ట్రీని (దగ్గర్లో ఉన్నవాటిని పెట్టెల్లో పెట్టి చెట్టులా అమర్చే పద్ధతి) అది గ్రాఫ్‌లోనే, మామూలు నోడ్లు, రిలేషన్‌షిప్పులుగా కట్టేది. క్వెరీ రాస్తే చెట్టు కొమ్మలన్నీ తెరమీద కనిపించేవి, చూడ్డానికి భలే ముచ్చటగా ఉండేది. ఒకరోజు టెస్ట్ డేటాబేస్‌లో నోడ్లన్నీ తుడిచేసే లైను ఒకటి నడిపాను. డేటాతోపాటు ఇండెక్సూ పోయింది. పోదా మరి, అవీ నోడ్లే కదా! పాయింట్లని ఒక్కొక్కటిగా చేరిస్తే నెమ్మది, గుంపుగా చేరిస్తే నయం. ఇంతకంటే దాని గురించి ఇప్పుడు చెప్పాల్సింది పెద్దగా లేదు.

2018లో వచ్చిన 3.4 వెర్షన్‌తో పాయింట్ అనేది డేటాబేస్ సొంత టైప్ అయింది. లోపల జరిగేది తెలుసుకుంటే క్వెరీ రాసే తీరే మారుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఈ ఇండెక్స్ ఆర్-ట్రీ కాదు. అక్షాంశం, రేఖాంశం అనే రెండు అంకెల్ని హిల్బర్ట్ వక్రరేఖ సాయంతో ఒకే అంకెగా మార్చి, దాన్ని బీ ప్లస్ ట్రీలో (అంకెల్ని వరసలో ఉంచే చెట్టులో) పెడుతుంది. మ్యాపు మొత్తాన్నీ ఒకే దారంతో అల్లేసి, ఆ దారం మీద ఫలానా చోటు ఎన్నో పోగు అని గుర్తుపెట్టుకున్నట్టు. మీరు 5 కిలోమీటర్ల వృత్తం అడిగితే, ముందు దాని చుట్టూ ఒక చతురస్రం గీసి, ఆ చతురస్రంలోకి వచ్చే దారపు ముక్కల్ని చదివి, చివర్లో అసలు దూరం లెక్కేసి మూలల్లోవి వదిలేస్తుంది. అందుకే చిన్న వ్యాసార్థానికి కళ్లు మూసి తెరిచేలోగా జవాబొస్తుంది. వ్యాసార్థం పెంచుకుంటూ పోతే ఆ వేగం ఉండదు.

మేం అందరికంటే ఎక్కువగా పొరపాటు పడింది 'దగ్గర్లోని పదిమంది' అనే ప్రశ్న దగ్గర. దూరం ప్రకారం ఆర్డర్ బై, లిమిట్ 10 అని రాస్తే ఇండెక్స్ దానంతటదే దగ్గరివాళ్లని తెస్తుందనుకున్నాం. తేదు. పోస్ట్‌జీఐఎస్‌లో (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మ్యాపు పనులు నేర్పే ఎక్స్‌టెన్షన్) అలాంటి పని జరుగుతుంది, ఇక్కడ మాత్రం టెక్నీషియన్లందరి దూరాలూ లెక్కేసి, వరసలో పెట్టి, పదిమందిని ఇస్తుంది. చివరికి మేం చేసింది మోటు పద్ధతే: ముందు 2 కిలోమీటర్లలో వెతకడం, పదిమంది రాకపోతే 5, అప్పటికీ చాలకపోతే 15. రెండేళ్లుగా ఇదే నడుస్తోంది, సిగ్గేమీ లేదు.

ఇంకో సంగతి. దూరం లెక్కేసే పాయింట్.డిస్టెన్స్ ఫంక్షన్ క్వెరీలో మ్యాచ్ (వెతికే భాగం) కిందే ఉన్న వేర్‌లో (షరతు భాగంలో) ఉండాలి. దూరాన్ని ముందు విత్‌తో ఒక పేరుకి తీసుకుని ఆ తర్వాత వడకడితే, మా ప్లాన్లలో ఇండెక్స్ మాయమైపోయేది. జవాబు సరిగ్గానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్రొఫైల్ (క్వెరీ లోపల ఏ దారిలో నడిచిందో చూపించే ఆదేశం) పెట్టి చూడాల్సిందే. ఇండెక్స్ సీక్ కనిపించకుండా లేబుల్ స్కాన్ (ఆ రకం నోడ్లన్నీ వరసగా చదవడం) కనిపిస్తే ఆ క్వెరీ మళ్లీ రాసుకోవాలి. 2022లో వచ్చిన 5వ వెర్షన్‌కి మారినప్పుడు కూడా ప్రొఫైలే కాపాడింది. పాత బీట్రీ ఇండెక్స్ పాయింట్లనీ చూసుకునేది. 5లో అది లేదు, దూరం, పెట్టె ప్రశ్నలకి పాయింట్ ఇండెక్స్ విడిగా చేసుకోవాలి. మేం దాని చోట, దూరం ప్రశ్నలకి పనికిరాని రేంజ్ ఇండెక్స్ మాత్రం చేసి చేతులు దులుపుకున్నాం, ఆ పొరపాటు ప్రొఫైల్‌లోనే బయటపడింది.

టెన్షన్ పెట్టిన రెండు రోజుల గురించి కూడా చెప్పాలి. కొందరు టెక్నీషియన్లు వెతుకులాటలో అసలు రావడం మానేశారు. డేటాలో ఉన్నారు, పాయింట్ ఉంది, ఎర్రర్ లేదు. తీరా చూస్తే నేను రాసిన ఇంపోర్ట్ స్క్రిప్టులో లాంగిట్యూడ్, లాటిట్యూడ్ అనే పేర్లకి బదులు ఎక్స్, వై అని వాడాను. అలా రాస్తే అది భూమి మీది పాయింట్ (4326) కాకుండా గ్రాఫ్ పేపర్ మీది పాయింట్ (7203) అవుతుంది. ఈ రెండు రకాల మధ్య దూరం అడిగితే వచ్చేది నల్, అంటే ఏ విలువా లేదని. నల్ వచ్చిన వరుస వేర్ దగ్గర చడీచప్పుడు లేకుండా రాలిపోతుంది. అప్పటినుంచి లోడ్ అయిన ప్రతి పాయింటుకీ ఎస్ఆర్ఐడీ (4326, 7203 లాంటి ఆ రకం నంబరు) సరిచూసే పరీక్ష ఒకటి పెట్టాం. లాటిట్యూడ్, లాంగిట్యూడ్ తారుమారైతే డేటాబేస్ పట్టుకుంటుందని కూడా నమ్మకండి. లాటిట్యూడ్ 90 దాటితేనే అది ఒప్పుకోదు, రేఖాంశం 90 లోపున్న ప్రాంతమైతే తప్పు పాయింటు తప్పుగానే లోపలికెళ్లి కూర్చుంటుంది.

దూరాలు మీటర్లలో వస్తాయి, భూమిని గుండ్రటి గోళం అనుకుని వేసే లెక్క అది. మా పనికి చాలు, సర్వే చేసేవాళ్లకి చాలదు.

మంచి ఎక్కడుందంటే, మేం వచ్చిన పని దగ్గరే. ఇండెక్స్ వందల్లో టెక్నీషియన్లని ఇస్తుంది, అక్కడినుంచి శిక్షణ, పాత రిపేర్లు, ఆ రోజు షిఫ్టు దాకా రిలేషన్‌షిప్పుల వెంట నడిచేస్తుంది. టేబుళ్లని కలిపే జాయిన్లతో నేను ఒకప్పుడు రాసిన అదే క్వెరీ పేజీ దాటేది. అరుదైన మోడల్ అయితే వెనక్కి తిప్పుతాం: ఆ మోడల్ తెలిసిన ఏడెనిమిది మంది దగ్గర మొదలుపెట్టి, దూరాన్ని చివర్లో వడకడతాం, అప్పుడు స్పేషియల్ ఇండెక్స్‌తో పనే ఉండదు. ఎటునుంచి మొదలుపెట్టాలో డేటాబేస్‌లోని ప్లానర్ వేసే అంచనా ప్రతిసారీ సరిగ్గా ఉండదు. ప్రొఫైల్‌లో అంచనా వరుసలకీ అసలు వరుసలకీ మధ్య తేడా బాగా కనిపిస్తే, యూజింగ్ ఇండెక్స్ అని మనమే చెప్పడం మేలు.

ఇక సర్వీస్ జోన్ల సరిహద్దులు. సొంత టైపు పాయింట్ వరకే, గీతలు, బహుభుజాలు లేవు. అవి కావాలంటే మళ్లీ ప్లగిన్. మేం జోన్లని పోస్ట్‌జీఐఎస్‌లో ఉంచేశాం. మెషీన్ ఏ జోన్‌లో ఉందో ఒక్కసారి అక్కడ తేల్చుకుని, ఆ జోన్‌ని గ్రాఫ్‌లో ఒక నోడ్‌గా కలిపేస్తాం. సరిహద్దు మారిన రోజు మాత్రం ఆ రిలేషన్‌షిప్పులన్నీ మళ్లీ రాయాలి. మొన్నటి మార్పుకి రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను.