డ్రోన్ నడపడానికి చెయ్యా, నడుమా?

చేతి సైగ 2017లో డీజేఐ కంపెనీ చిన్న డ్రోన్ స్పార్క్‌లోనే వచ్చింది, అరచెయ్యి ఎటు జరిపితే డ్రోన్ అటు జరుగుతుంది, సెల్ఫీకి చాలు. కానీ మా అనంతపురం ఎండలో వేరుశనగ చేను గట్టు మీద పది నిమిషాలు చెయ్యి చాచి నిలబడి చూడండి, భుజం లాగేస్తుంది, చెమట తుడుచుకున్నా సైగే అనుకుంటుందేమోనని టెన్షన్.

రెండోది, కళ్ళకు పెట్టుకునే వీడియో అద్దాల్లో డ్రోన్ కెమెరా చూపించేది చూస్తూ నడుము పైభాగం వంచడం. ముందుకు వంగితే కిందికి దిగుతుంది, పక్కకు ఒరిగితే అటే తిరుగుతుంది, బైక్ మీద మలుపు తీసుకున్నట్టే. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు జాయ్‌స్టిక్‌తో పోల్చి చూస్తే, ఇలా ఒంటితో నడిపినవాళ్ళే త్వరగా నేర్చుకుని, గురి తప్పకుండా నడిపారు. పైగా చేతులు ఖాళీ. నా ఓటు దీనికే. అయితే అద్దాలు పెట్టుకుంటే ఆకాశంలో డ్రోన్ కనపడదు, పక్కన కరెంటు తీగలు చూసి చెప్పే మనిషి ఉండాల్సిందే.