పాత బుల్లెట్ తర్వాత క్లాసిక్ 350: కొన్నేళ్ల వాడకం మీద నా అభిప్రాయం

బుల్లెట్ నడిపిన మనిషి మరో బండి కొనడానికి వెళ్తే మైలేజీ సంగతి చివర్లో అడుగుతాడు. ముందు అడిగేది దాని నడక గురించి. నేనూ 2022లో అదే ప్రశ్న పట్టుకుని షోరూములు తిరిగాను. చివరికి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకున్నాను. క్లాసిక్‌కు అంతకు ముందున్న యూసీఈ అనే పాత ఇంజినుది కాదు, 2021 సెప్టెంబరులో జె సిరీస్ అనే కొత్త ఇంజినుతో వచ్చినది. అప్పటినుంచి ఉద్యోగం పని మీద కల్వకుర్తి, అచ్చంపేట, అమ్రాబాద్ ఊళ్ల మధ్య రోజూ తిరుగుతున్నది దీని మీదే. వీలు చిక్కినప్పుడల్లా శ్రీశైలం వెళ్లేదీ దీని మీదే.

అంతకు ముందు నా దగ్గర ఉన్నది 1990లలో తయారైన కాస్ట్ ఐరన్ ఇంజిను బుల్లెట్, సెకండ్ హ్యాండులో కొన్నది. 346 సీసీ, 18 హార్స్‌పవర్. పిస్టన్ వ్యాసం 70 మిల్లీమీటర్లైతే అది పైకీ కిందికీ తిరిగే దూరం, అంటే స్ట్రోకు, 90 మిల్లీమీటర్లు. కంప్రెషన్, అంటే లోపలి మిశ్రమాన్ని పిస్టన్ ఎన్ని రెట్లు నొక్కుతుందనే లెక్క, 6.5 మాత్రమే. ఈ అంకెలు చూసి ఈ తరం కుర్రవాళ్లు పెదవి విరుస్తారు గానీ, ఆ నడక పుట్టింది వీటిలోంచే. పొడవాటి స్ట్రోకు, ఇంజిను తిరుగుడును నిలకడగా ఉంచే బరువైన ఫ్లైవీలు, తొందరలేని కంప్రెషన్ కలిస్తే ఇంజిను నెమ్మదిగా తిరుగుతూనే బండిని లాగుతుంది. ఒక్కో పేలుడూ విడివిడిగా వినిపిస్తుంది. నాలుగో గేరులో ముప్పై అయిదు, నలభై వేగంతో చెరువు కట్ట మీద వెళ్తుంటే గేరు మార్చాలన్న ఆలోచనే రాదు.

స్టార్ట్ చేయడం కూడా ఒక పద్ధతి ప్రకారం జరగాలి. పెట్రోలు ట్యాపు తెరిచి, తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ కరెంటు చూపే ఆమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి. ఇంజిను లోపలి ఒత్తిడిని వదిలే డీకంప్రెషర్ నొక్కి, కిక్కును కొద్దిగా ముందుకు జరిపి, అప్పుడు కొట్టాలి. వాల్వులను కదిలించే ట్యాపెట్లు సరిచేయడానికి మీటర్లూ కంప్యూటర్లూ అక్కర్లేదు. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు వాటి మీదుండే పుష్ రాడ్ అనే సన్నని కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అంతే. నాకు యంత్రం అంటే ఏమిటో నేర్పింది ఆ బండే. దాని మీద ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు.

అలాంటప్పుడు మార్చడం ఎందుకు? నేను తిరిగే దారి వల్ల. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మన్ననూరు దగ్గర అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి దిగుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూరు, దోమలపెంట గేట్లు మూసేస్తారు. మధ్యలో చాలా చోట్ల ఫోను సిగ్నలు ఉండదు. ఒకసారి వటవర్లపల్లి దాటాక, పొద్దుగూకే వేళ బండి ఆగిపోయింది. తప్పు బండిది కాదు. ఒక విడిభాగాల దుకాణంలో కొన్న నాసిరకం పాయింట్లు, అంటే స్పార్కు కోసం కరెంటును కలిపి తెంచే చిన్న భాగాలు, అరిగి వాటి మధ్య గ్యాపు మూసుకుపోయింది. ఉన్న వెలుతురులో ఎంత సరిచేసినా నిలబడలేదు. ఒక డీసీఎం డ్రైవరు బండిని ఎక్కించుకుని గేటు పడకముందే మన్ననూరులో దించాడు. ఆయనకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

అప్పటికే మంచి పాయింట్లు, కార్బురేటర్ రబ్బరు సామాను దొరకడం కష్టమవుతోంది. ఇథనాల్ కలిపిన పెట్రోలు వాటాను పెంచుకుంటూ పోతున్నారు, ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం కలిపినదే. ముప్పై ఏళ్ల కిందటి రబ్బరు సీళ్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్, గ్రీన్ టాక్సు ఎలాగూ ఉంటాయి. ఇవన్నీ ఇష్టంతో భరించవచ్చు. కానీ ఉదయం ఎనిమిదింటికి అమ్రాబాద్‌లో ఉండాల్సిన మనిషి ఇష్టాన్ని నమ్ముకుని బయల్దేరలేడు.

అప్పట్లో నా ముందు నిలిచినవి రెండు బండ్లు. హోండా హైనెస్ సీబీ 350, ఈ క్లాసిక్. హోండాను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు దాన్ని సరిగ్గా నడపలేదని నా నమ్మకం. పిస్టన్ 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90.5. కొలతల్లో పాత బుల్లెట్‌కు క్లాసిక్ కన్నా అదే దగ్గరి చుట్టం! 30 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే లాగే బలం, ఇంజిను నిమిషానికి 3,000 సార్లు తిరిగేటప్పుడే అందుతుంది. బరువు 181 కిలోలు, ట్యాంకు 15 లీటర్లు. క్లాసిక్ 195 కిలోలు, 13 లీటర్లు. హోండా క్లచ్ లివరు రెండు వేళ్లతో లాగవచ్చు. గేర్లు వెన్నలా పడతాయి. కాగితం మీదా, రోడ్డు మీదా హోండాదే పైచేయి అని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అంటాను.

అయినా క్లాసిక్ తీసుకోవడానికి కారణం ఇంజినులో లేదు, ఊళ్లలో ఉంది. నమ్మకం అంటే బండి ఆగకపోవడం ఒక్కటే కాదు. ఆగితే ఎవరు బాగుచేస్తారు, సామాను ఎన్ని గంటల్లో వస్తుంది అనేదీ లెక్కే. హోండా ఈ బండిని మామూలు షోరూముల్లో కాకుండా బిగ్‌వింగ్ షోరూముల్లో అమ్ముతుంది. అవి ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే కనిపిస్తాయి. ఎన్‌ఫీల్డు పని తెలిసిన షెడ్డు మాత్రం చిన్న పట్నాల్లో కూడా దొరుకుతుంది. టైరు, క్లచ్ కేబుల్, బ్రేకు ప్యాడ్లు అడిగితే దుకాణంవాడు లోపలికి వెళ్లి తెచ్చిస్తాడు. నాలా అడవి అంచున తిరిగేవాడికి కాగితం మీది ఏ అంకె కన్నా ఇదే ముఖ్యం.

ఇక వాడకం. ఈ ఇంజిను 349 సీసీ, 72 మిల్లీమీటర్ల పిస్టన్, 85.8 స్ట్రోకు, కంప్రెషన్ 9.5. పాత బండిలో ఎక్కువ వేగంలో అద్దాలు మసకబారేంతగా వచ్చే వణుకును లోపలున్న బ్యాలెన్సర్ షాఫ్టు మింగేసింది. కొందరికి ఇదే అసంతృప్తి. నాకు మాత్రం వణుకు వేరు, లాగుడు వేరు అని ఈ బండి మీదే అర్థమైంది. నేను ప్రేమించింది లాగుడును. అది ఇందులో చెక్కుచెదరలేదు. మన్ననూరు దాటాక మలుపుల్లో నాలుగో గేరులో నలభైతో వెళ్తుంటే ఒక్కసారి కూడా ఆయాసపడదు. దోమలపెంట నుంచి పాతాళగంగ వైపు దిగేటప్పుడు బ్రేకు పట్టకుండా ఇంజినుతోనే వేగాన్ని అదుపులో ఉంచవచ్చు.

బ్రేకుల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. పాత బండికి ముందూ వెనకా డ్రమ్ములే. ఆగాలంటే ముందే అనుకోవాలి. దీనికి ముందు 300, వెనక 270 మిల్లీమీటర్ల డిస్కులు, రెంటికీ ఏబీఎస్. ఆ అడవి దారిలో జనం అరటిపళ్లు, బిస్కెట్లు విసిరి కోతులను రోడ్డు మీదకు అలవాటు చేశారు. వాన తడి మీద కోతిపిల్ల అడ్డం వచ్చినప్పుడు చక్రం పట్టేయకుండా బండి నిటారుగా ఆగింది. ఆ ఒక్క క్షణంతో, కొత్త బండికి పెట్టిన డబ్బు మీద నాకు మిగిలిన అనుమానం పోయింది. బండి నడక గురించి గంటలు మాట్లాడేవాళ్లం బ్రేకుల గురించి ఎందుకు మాట్లాడమో నాకు అర్థం కాదు.

పాత బుల్లెట్ కుడికాలి గేరు నుంచి దీని ఎడమకాలి గేరుకు మారడానికి కొన్ని వారాలు పట్టింది. మైలేజీ లీటరుకు 35 చుట్టుపక్కల వస్తోంది. వంద పైన నిలకడగా నడపాలనుకుంటే ఇది మీ బండి కాదు, 20 హార్స్‌పవరుతో ఆ ఆశ పెట్టుకోకూడదు. కిక్ లేదు, పెట్రోలు పంపు, ఇంజెక్షన్ అన్నీ కరెంటు మీదే నడుస్తాయి. కాబట్టి బ్యాటరీని అశ్రద్ధ చేయవద్దు. నాది ఇంకా బాగానే పనిచేస్తుండగానే మార్పించాను. చైనుకు మురికి వదిలించి నూనె పెట్టడం, ఆయిలు సమయానికి మార్చడం తప్ప నా చేతికి ఇది పెద్దగా పని చెప్పదు.

పోగొట్టుకున్నది ఏమీ లేదా అంటే, ఉంది. ఆదివారం ఉదయం పానాలు ముందేసుకుని కూర్చునే ఆ రెండు గంటలు పోయాయి. శబ్దం వినే జబ్బు పోల్చుకునే చెవి మొద్దుబారుతోంది. అందుకే పాత బండిని అమ్మలేదు. తమ్ముడి దగ్గర ఉంది, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాడు. వాడు ఊళ్లోనే తిప్పుకుంటాడు, తొందర పని ఉన్న రోజు దాన్ని ముట్టుకోడు. రెండు బండ్లు పెట్టుకునే స్తోమత, చోటు ఉంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

ఇప్పుడు కొనేవాళ్లు మరో లెక్క కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది దాటినవాటికి 40 శాతమైంది. 398 సీసీ ఇంజినుతో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400 మీద మనసు పడ్డవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అది 40 పీఎస్ (దాదాపు అంతే హార్స్‌పవర్) బండి, హైవే మీద దాని ముందు ఈ రెండూ నిలవవు. కానీ దాని సరదా ఇంజినును పరుగెత్తించడంలో ఉంది, బుల్లెట్ మనిషి వెతికే నడక అది కాదు. హైదరాబాద్‌లో ఉంటూ, బిగ్‌వింగ్ ఇంటికి దగ్గరైతే హోండా తీసుకోండి. మన్ననూరు అవతల పని ఉన్నవాళ్లు క్లాసిక్ తీసుకోండి. ఏదైనా సరే, టెస్ట్ రైడులో నాలుగో గేరులో వేగం నలభైకి తగ్గించి, అక్కడినుంచి యాక్సిలరేటర్ మెల్లగా తిప్పి చూడండి. షోరూము మనిషి ఎంత వద్దన్నా ఇంకొక్క కిలోమీటరు అలాగే నడపండి.